మొగలి డొంక నరికీసినాకే తెలిసినాది

మాది ఉద్దానం. ఇంటికాడ నిలబడితే సముద్రం హోరు వినిపిస్తాది. మా జీడితోటకీ సముద్రానికీ మధ్యన తాతల నాటి మొగలి డొంక ఉండేది. పదిహేనేళ్ల కిందట నేనే మనుషుల్ని పెట్టి నరికించీసినాను. ముళ్ల కంప, పాములుంటాయి, దీనివల్ల లాభమేటి? సరుగుడు ఏస్తే నాలుగేళ్లకి డబ్బులొస్తాయి అనుకున్నాను. మా అమ్మ మాత్రం "గోడ కూల్చీసి తోట కాస్తావేట్రా?" అన్నాది. నాకు అర్థం కాలేదు.

సరుగుడు డబ్బులు వచ్చినాయి, అబద్ధమెందుకు. కానీ కర్ర కొట్టీసినాక నేల బోడిగా మిగిలిపోనాది. ఎండాకాలం గాలికి ఇసక లేచి జీడి మొదళ్లు కప్పీసినాది, నుయ్యి సగం పూడిపోనాది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానాన్ని ఏం చేసినాదో మీకు నేను చెప్పక్కర్లేదు. కొబ్బరి, జీడి పడిపోనాయి. మా తోటా పోనాది. పక్కోళ్ల గట్టు మీద మిగిలున్న మొగలి డొంక మాత్రం ఆకులు చిరిగినా ఉన్నచోటే ఉంది. దాని ఎనకాల ఇసక దిబ్బ కూడా కదల్లేదు.

మొగలిని ఇంగ్లీషులో స్క్రూ పైన్ అంటారు. ఆకులు మర చుట్టినట్టు మెలి తిరిగి ఉంటాయని ఆ పేరు. సరుగుడుకీ ఆస్ట్రేలియన్ పైన్ అని ఒక పేరుంది. రెండూ అసలు పైన్ చెట్లు కావు. మొగలి మన తీరంలో తనంతట తాను పుట్టి పెరిగేది. సరుగుడు ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరాల నించి వచ్చినాది. ఇంగ్లీషోళ్ల కాలంలో రైలింజన్లకి కట్టెలు కావాలని కూడా దాన్ని నాటించినారు.

మొగలి బలమంతా ఊడల్లో ఉంది. కాండం నించి కిందికి దిగి ఇసకలో గుంజల్లా పాతుకుంటాయి. గాలి ఇసకని మోసుకొచ్చి డొంకలో పడేస్తాది. అలా దిబ్బ పెరుగుతాది, దిబ్బతోపాటు మొగలీ పైకి పెరుగుతాది. ముందు వరసలో రావణాసురుడి మీసాల గడ్డీ, ఊదారంగు పూల తీగా ఇసకని ఆపుతాయి. ఎనక వరస మొగలిది.

ఇంక ఆ డొంకలో కాపురముండేవి చూడండి. ముంగిస, తొండ, జెముడుకాకి, ఎలకలు. ఎలకలుంటే పామూ వస్తాది, కాబట్టి చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టండి. పూలు విచ్చినప్పుడు పుప్పొడి కోసం తేనెటీగలు ముసురుతాయి.

అన్నిటికన్నా ముఖ్యం తాబేలు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నించి మన ఒడ్డుకొచ్చి గుంత తీసి, ఒక్కోటి వంద దాకా గుడ్లు పెడతాయి. నెలన్నర, రెండు నెలల్లో పిల్లలు బయటికొస్తాయి. రాత్రిపూట ఎలుతురు ఎటుంటే అటు నడుస్తాయి. ఎనక మొగలి చీకటిగా ఉంటే సముద్రం మీది మెరుపు చూసి అటెళ్తాయి. డొంక లేకపోతే మన వీధి లైట్లు చూసి ఊళ్లోకి నడిచొచ్చి చచ్చిపోతాయి. నేను నరికించినాక అలాంటి పిల్లల్ని మా తోటలో ఏరి, బకెట్టులో ఏసుకెళ్లి నీళ్లలో వదిలినాను. అన్నీ బతకలేదు.

సరుగుడు వద్దని కాదు, తోట లోపల ఏసుకోండి. అలలకి దగ్గర్లో మాత్రం వద్దు. దాని రాలిన ఆకు పరుచుకుంటే కింద గడ్డి మొలవదు, ఏళ్లు అల్లుకుంటే తాబేలు గుంత తీయలేదు.

నాటడం తేలిక. వానలు పడగానే, ఊడలు మొలిచిన పిలకని మూరెడు పొడుగున కోసుకోండి. కింది ఆకులు తీసీసి, పైవి సగానికి కత్తిరించండి. ఆకు రెండంచులకీ, అడుగున ఈనెకీ ముళ్లుంటాయి, చేతికి గుడ్డ చుట్టుకోండి. తాబేళ్లు గుడ్లు పెట్టే జాగా వదిలీసి, దిబ్బ ఎనక నాలుగైదు అడుగులకొకటి పాతండి. ఏరు పట్టే దాకా నీళ్లు పోస్తే చాలు. మొగలిలో ఆడ, మగ చెట్లు ఏరు. వాసనొచ్చే పొత్తు మగదే, ఆడదానికి అనాసలాంటి కాయ కాస్తాది. పువ్వు కావాలంటే మగచెట్టు పిలకే తీసుకోండి. మూడు నాలుగేళ్లకి పూస్తాది. పక్కనున్న గంజాం జిల్లాలో ఈ పొత్తుల నించే అత్తరు తీస్తారు, కాబట్టి ఉత్త కంప అనుకోకండి.

తిత్లీ తర్వాతి వానలకి నేను నలభై పిలకలు పాతినాను. ఇరవై ఆరు బతికినాయి. ఇప్పుడు మనిషెత్తు దాటినాయి. నుయ్యిలో ఇసక పడ్డం తగ్గినాది. పోయినేడు మొదటి పొత్తు పూస్తే అమ్మ జడలో రేకు పెట్టుకున్నాది. నన్నేమీ అన్లేదు.

మీ ఊరి ఒడ్డున ఇంకా మొగలి డొంక మిగిలుంటే, ఈ వానలకి అక్కడి నించి ఐదు పిలకలు తెచ్చి ఖాళీ చోట పాతండి. డొంకని మాత్రం నరకనియ్యకండి.