మడ అడవి లెక్క



మొన్న గుడివాడ బజారులో రొయ్యలమ్మే ఆవిడతో చాలాసేపు బేరమాడాను. చివరికి ఆవిడ, "చెరువు రొయ్యయితే మీరన్న రేటుకే ఇద్దునమ్మా. ఇవి మడ పాయల్లో పట్టినవి, దొరకొద్దూ!" అంది. ఈవేళ ఆ మడ సంగతే మనవి చేస్తాను.

కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట, నాగాయలంక దిగువన, ఉప్పునీటిలో పెరిగే చెట్లున్నాయి. అవే మడ అడవులు. బురదలో గాలి ఆడదు గనుక వాటి వేళ్ళు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఊపిరి తీసుకుంటాయి. చాలా రకాల రొయ్యలు సముద్రంలో గుడ్లు పెడతాయి. పిల్లలు పోటునీటితో పాయల్లోకి వచ్చి, ఈ వేళ్ళ సందున దాక్కుని పెరిగి, మళ్ళీ సముద్రం చేరతాయి. ఒక్కమాటలో, మడ రొయ్యకు ఉయ్యాల.

మరి ఈ అడవి ఖరీదెంత? నరికితే వచ్చే కట్టెల ఖరీదు ఎవరైనా చెబుతారు. నరక్కపోతే మిగిలేదే లెక్కకు చిక్కదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేలమంది వరకూ పోయారు. అప్పటికి నేను పుట్టలేదు. బందరులో ఆ రాత్రి విన్న గాలి హోరు గురించి మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అంతటి ఉప్పెనను మడ పూర్తిగా ఆపుతుందని అనను గాని, నీటి ఊపు తగ్గిస్తుంది. 1999 ఒడిశా తుపానులో, కేంద్రపాడా జిల్లాలో మడ అడ్డున్న ఊళ్ళలో చావులు తగ్గాయని పరిశోధకులు తర్వాత లెక్క తేల్చారు.

అయినా 1990ల మొదట్లో టైగరు రొయ్య ధర చూసి తీరమంతా చెరువులు తవ్వారు. కొన్నిచోట్ల మడ పోయింది. ఆనక తెల్లమచ్చ తెగులొచ్చి చాలా చెరువులు పాడుపడ్డాయి. తీరరక్షణ హద్దులోని రొయ్యల చెరువుల్ని తీసేయమని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. చెరువులు మన ప్రాంతానికి అన్నం పెడుతున్నాయి, కాదనను. మడను నరికి తవ్వితే మాత్రం, నగలమ్మి వ్యాపారం పెట్టి రెండూ పోగొట్టుకున్నట్టే.

1989లో ఇక్కడ సుమారు 195 చదరపు కిలోమీటర్లు కృష్ణా అభయారణ్యమైంది. మంచిదే. కాని ఇంట్లో గ్యాసుబండ పెట్టుకుని, "చెట్టు కొట్టకండి" అని లంకలోని ఆడవాళ్ళకు చెప్పడం మనకు తేలిక. వాళ్ళ పొయ్యిలోకేం పెట్టాలి? పీతలు పట్టి బతికే ఇల్లు ఎలా గడవాలి? ఆ జవాబు లేకుండా కాపలా ఒక్కటే పెడితే అడవి నిలవదు.

ఊరివాళ్ళను కలుపుకున్నచోట పని సాగింది. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ కలిసి కృష్ణా, గోదావరి డెల్టాల్లో చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వించాయి. పోటునీరు లోపలికి ఆడి, చవిటి నేలలో మళ్ళీ మడ మొలిచింది.

అసలు కదపకుండా వడ్డీతో ఇల్లు నడపడం మనకు తెలిసిన విద్యే. మడ మన అసలు. కాపాడేవాళ్ళ కడుపు నింపడమూ ఆ ఖర్చులో భాగమే. అందుకే ఈసారి ఆవిడ దగ్గర అంత గీచి బేరమాడను.

సెలవు.