సంఘపు లెక్కలకు నిత్యరక్షణము

సహకార సంఘమునకు మూలధన మెంత ముఖ్యమో లెక్కయు నంత ముఖ్యము. బాకీ తీర్చిన రైతు ఋణవిముక్తుడని చాటునది ఆవర్జాలోని పద్దే. ఆ పద్దు నశించినచో తీరిన యప్పు తీరనిదిగా గనబడును. కావున లెక్కల రక్షణము గుమాస్తాల పని మాత్రమే యని సభ్యు లుపేక్షింపరాదు.

పూర్వము మన పుస్తకములకు చెదలు, తడి, అగ్ని శత్రువులు. 2022 జూన్ నెలలో కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను కంప్యూటర్లలోనికి మార్చుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించినది. మన రాష్ట్రపు సంఘములును అందు జేరినవి. ఇందువలన చెదల భయము తగ్గినది గాని, భయ మంతయు దొలగలేదు.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముకడ తీరము దాటిన సంగతి మన జిల్లావారు మరువజాలరు. గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచెను. రేవుపనులు నిలిచెను, ఉక్కు కర్మాగారమునకు విద్యుత్తు లేకపోయెను, టెలిఫోనులు మూగవోయెను. అట్టి దినమున లెక్కలును, వాని ప్రతియు నొకే పట్టణమున నున్నచో రెండును ఒక్క గాలికే గుఱియగును. ప్రతి దూరప్రాంతమున నుండవలె ననుటకు ఇదియే కారణము.

ప్రతి తీయుట రెండు విధములు. రోజున కొకమాఱు రాత్రివేళ తీయుట మొదటిది. ఒక రైతు ఉదయము 11 గంటలకు వాయిదా చెల్లించెననుకొందము. మధ్యాహ్నము 3 గంటలకు యంత్రము చెడినచో నాటి చెల్లింపు నిన్నటి ప్రతిలో నుండదు. రెండవది నిరంతర ప్రతి. పద్దు వ్రాసినంతనే అది దూరముననున్న మఱియొక యంత్రమునకు జేరును. తంతి తెగినపుడు పద్దులు వేచియుండి, మరల కలిసినపుడు పోవును. ఆ నడుమ కాగితపు రశీదుల నకళ్లే శరణ్యము.

అయితే తప్పుపద్దు వ్రాసినచో ఆ తప్పును ప్రతిలోనికి బోవును. లెక్కలకు తాళమువైచి ధనమడుగు దొంగలును నేడు గలరు. కనుక ప్రతి తాజాగా నుండుట చాలదు. నిన్నటి స్థితికి, మొన్నటి స్థితికి మరలుటకును వీలుండవలెను. పాత స్థితులను చెఱుపు నధికార మొక్కనిచేత నుండరాదు.

ధనవంతమైన దేశములును ఇందు పొరపడినవి. 2025 సెప్టెంబరు 26వ తేదీన దక్షిణ కొరియాలోని డేజాన్ నగరమున ప్రభుత్వ సమాచారకేంద్రము అగ్నికి గుఱియయ్యెను. ఉద్యోగులు పత్రములు దాచుకొను జి-డ్రైవ్ అను భాండాగారము, 858 టెరాబైట్ల సమాచారముతో, దగ్ధమయ్యెను. దానికి వేఱుచోట ప్రతి లేదు.

సోదర రైతులారా! రాబోవు సర్వసభ్య సమావేశమున మూడు ప్రశ్నలు వేయుడు. మన లెక్కల ప్రతి యెచ్చట నున్నది? అందు జేరిన కడపటి పద్దు ఏ వేళది? ఆ ప్రతినుండి లెక్కలను తిరిగి నిలుపుట యెన్నడైన పరీక్షించిరా? పరీక్షింపని ప్రతి మొలకెత్తునో లేదో చూడని విత్తనము వంటిది.

మఱియు చెల్లించిన ప్రతిసారియు రశీదు గైకొని, పాసుపుస్తకమున పద్దు వ్రాయించుకొనుడు. అది మీ యింట నుండు ప్రతి. సంఘపు యంత్రము మూగవోయిన నాడును అది పలుకును.