పీల్చే మందుతో వైరస్‌ను ఆపవచ్చునా?

2021 ఏప్రిల్ 22 రాత్రి మన ఉక్కు కర్మాగారం నుంచి ఏడు ట్యాంకర్ల ద్రవ ఆక్సిజన్‌తో దేశంలోని మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్రకు బయలుదేరింది. ఊపిరితిత్తులు వైరస్‌కు లొంగిపోయాక వైద్యులు చేయగలిగింది చాలావరకు అంతే: ప్రాణవాయువు అందించడం, వాపు తగ్గించే మందులివ్వడం, శరీరం తేరుకునే వరకు కాచుకోవడం. అంతవరకు రానీయకుండా, వైరస్‌ను కణంలోకి దూరకముందే పట్టుకోలేమా?

కరోనా వైరస్ మన కణాలపై ఉండే ఏసీఈ-2 అనే ప్రొటీన్‌ను పట్టుకుని లోపలికి ప్రవేశిస్తుంది. వేటగాళ్లు దీమపు పిట్టను పెట్టి అడవి పిట్టలను రప్పిస్తారు కదా, పరిశోధకులదీ అదే ఉపాయం. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో కే చెంగ్ బృందం మనిషి ఊపిరితిత్తుల కణాలను అతి సన్నని రంధ్రాల గుండా ఒత్తి, కంటికి కనిపించని బుడగలుగా మార్చింది. వీటికి ప్రాణం ఉండదు, కాని పైపొర మీద ఏసీఈ-2 ఉంటుంది. వైరస్ వీటినే కణమనుకుని అతుక్కుంటుంది. బుడగలో వైరస్ పెరగలేదు. ఆ తర్వాత రక్షక కణాలు రెండింటినీ కలిపి మింగేస్తాయి. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం, కరోనా సోకించిన కోతులకు ఈ మందును నాలుగుసార్లు పీల్పించగా వైరస్ త్వరగా తొలగిపోయింది, ఊపిరితిత్తుల దెబ్బ తగ్గింది.

ఇక్కడ జాగ్రత్తగా గమనించండి. ఆ కోతులకు మందు ఇచ్చింది వైరస్ సోకించిన తర్వాత. ముందుగా నివారించడం వేరే సంగతి. బుడగలు కొద్ది రోజులే ఊపిరితిత్తుల్లో నిలుస్తాయి కనుక మళ్లీ మళ్లీ పీల్చాలి. పైగా ఫ్లూ వైరస్ వేరే ద్వారం గుండా వస్తుంది, దానికి ఈ ఎర పనికిరాదు. నివారణకు దగ్గరగా వచ్చింది 2022 నాటి మరో ప్రయోగం. అలాంటి కణ బుడగలకే వైరస్ ముక్కను అతికించి, పీల్చే టీకాగా హ్యామ్‌స్టర్లకు ఇచ్చారు. వాటిలో తీవ్ర న్యుమోనియా తగ్గింది. ఆ టీకా పొడి రూపంలో, ఫ్రిజ్ లేకుండా మూడు నెలలకు పైగా నిలవ ఉండటం మన ఏజెన్సీ గ్రామాల దృష్ట్యా ఆశ కలిగించే విషయం.

మరి హైదరాబాదులో తయారైన ముక్కు టీకా? భారత్ బయోటెక్ వారి ఇన్‌కోవ్యాక్‌కు 2022 సెప్టెంబరులో అనుమతి వచ్చింది, 2023 జనవరి 26న విడుదలైంది. అది కణాల నుంచి తీసిన మందు కాదు. చింపాంజీ జలుబు వైరస్‌ను మార్చి చేసిన టీకా, ముక్కులో వేసే చుక్కలు. దీన్నీ దాన్నీ ఒకటిగా చూపి ఎవరైనా చెబితే నమ్మకండి.

జ్ఞానాపురం, గాజువాక వైపు బొగ్గు ధూళిలో దగ్గుతూ బతికేవారికి "స్టెమ్ సెల్ ఆవిరి", "ఎక్సోసోమ్ ఇన్‌హేలర్" వంటి మాటలు ఆశ పుట్టించడం సహజం. వైరస్ రాకుండా ఆపడానికి మన దేశంలో అలాంటి మందు దేనికీ అనుమతి లేదు. అమెరికా ఔషధ సంస్థ కూడా 2019 డిసెంబరులోనే ఎక్సోసోమ్ ఉత్పత్తుల గురించి ప్రజలను హెచ్చరించింది. ఆస్తమాకు మీరు వాడుతున్న ఇన్‌హేలర్‌ను మాత్రం వీటి కోసం మానవద్దు, ఏటా ఫ్లూ టీకా గురించి మీ డాక్టరును అడగండి.

ఎవరైనా "ఇది ప్రయోగం" అంటే, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలోని నమోదు సంఖ్య చూపమనండి. నిజమైన ప్రయోగంలో పరీక్షించే మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోరు.