కుబ్రిక్ దాచేయాలనుకున్న యుద్ధం సినిమా

'2001: ఎ స్పేస్ ఒడిస్సీ', 'ది షైనింగ్' తీసిన స్టాన్లీ కుబ్రిక్ తెలుసు కదా. ఆయన ఫస్ట్ ఫీచర్ ఫిల్మ్ 'ఫియర్ అండ్ డిజైర్', 1953లో రిలీజైంది. దాన్ని ఎవరూ చూడకూడదని ఆయనే కోరుకున్నాడు. కలెక్టర్లు దీని వెంట పడింది అందుకే.

కథ చిన్నదే. విమానం కూలి నలుగురు సైనికులు శత్రువుల ఏరియాలో చిక్కుకుంటారు. తెప్ప కట్టుకుని నది మీద తప్పించుకోవాలి. ఏ దేశమో, ఏ యుద్ధమో చెప్పరు. క్లైమాక్స్‌లో శత్రు జనరల్‌ని, అతని పక్కనున్న ఆఫీసర్‌ని చూస్తే... ఆ నలుగురిలో ఇద్దరి ముఖాలే! మన సినిమాల్లో డబుల్ యాక్షన్ అంటే విడిపోయిన అన్నదమ్ములు. ఇక్కడ మాత్రం నువ్వు కాల్చేది నిన్నే అన్నమాట. నాకైతే ఈ ఒక్క ఐడియా కోసమే సినిమా చూడొచ్చనిపిస్తుంది. మిగతాది, నిజం చెప్పాలంటే, డైలాగులు చాలా బరువు.

షూటింగ్ అప్పటికి కుబ్రిక్‌కి ఇరవై రెండేళ్లు. డబ్బు పెట్టింది మేనమామ. కెమెరా, ఎడిటింగ్ కూడా తనే. కెమెరా కదలాలంటే పిల్లల్ని తిప్పే బండి. పొగమంచు కావాలంటే పొలాల్లో పురుగుమందు కొట్టే స్ప్రేయర్, దాంతో యాక్టర్లకి ఊపిరాడలేదట. ఖర్చు తగ్గుతుందని సౌండ్ లేకుండా తీశాడు, తర్వాత డబ్బింగ్‌కే బిల్లు పేలింది!

1994లో న్యూయార్క్ ఫిల్మ్ ఫోరమ్‌లో ఈ సినిమా వేస్తుంటే, ఇది అమెచ్యూర్ పని అంటూ వార్నర్ బ్రదర్స్ ద్వారా విమర్శకులకి లెటర్ పంపించాడు. అప్పట్లో కలెక్టర్ల చేతిలో ఉన్నవి దొంగ వీహెచ్‌ఎస్ టేపులు. టేపు నుంచి టేపుకి కాపీ చేసిన ప్రతిసారీ బొమ్మ ఇంకా మసకబారుతుంది, పది గ్రూపులు తిరిగొచ్చిన వాట్సాప్ ఫోటోలాగా. అందుకే ఒరిజినల్ ప్రింట్‌కి దగ్గరి కాపీ దొరికితే పండగే.

తన ఫస్ట్ కోడ్‌ని డిలీట్ చేయాలనుకునే ఇంజినీర్ బాధ నాకు అర్థమవుతుంది. కానీ సినిమా ఒక్కడి ఫైల్ కాదు కదా. ఇందులో పిచ్చెక్కిన కుర్ర సైనికుడిగా నటించిన పాల్ మజుర్‌స్కీ తర్వాత పేరున్న డైరెక్టర్ అయ్యాడు. స్క్రిప్ట్ రాసిన హోవర్డ్ శాక్లర్‌కి తర్వాత ఒక నాటకానికి పులిట్జర్ వచ్చింది. వాళ్ల తొలి పని కూడా ఇందులోనే ఉంది. అందుకే దాచడం కరెక్ట్ కాదని నా ఒపీనియన్.

కుబ్రిక్ 1999లో చనిపోయాడు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రీస్టోర్ చేసిన ప్రింట్‌తో 2012లో కినో సంస్థ డిస్క్ తెచ్చింది. కొనేవాళ్లు 2024 నాటి 4కే డిస్క్ చూడండి. గంటకి కాస్త మించిన రిలీజ్ వెర్షన్‌తో పాటు, ఆయన కత్తిరించక ముందున్న 70 నిమిషాల వెర్షన్ కూడా అందులో ఉంది.