ఉప్పు మజ్జిగకు ముందు మెడ చూడవలెను

అనంతపురం ఎండలకు పెద్దలు నీరసించినచో ఉప్పు మజ్జిగ ఇత్తుము. చెమటతో నీరు కోల్పోయినవారికి అది మేలే. గుండె బలహీనతచే నీరసించినవారికి ఆ ఉప్పే కీడు. నాడి పట్టి ఊరకుండు మా వైద్యులలో మెడ చూచువారు తక్కువ. ఆసుపత్రి నర్సులు చూతురు. రోగిని 45 డిగ్రీల వాలుగా ఆనించి, ప్రక్కవెలుతురులో మెడ కుడివైపు గమనింతురు. రొమ్ముటెముక పైభాగపు గుబ్బకు 3 సెంటీమీటర్లకు మించిన ఎత్తున సిర కదలాడినచో గుండె కుడివైపు ఒత్తిడి పెరిగినదన్నమాట. నీరు తగ్గినవారికి వెల్లకిల పడుకున్నను సిర ఉబ్బదు.

మెడ ధమనులను రెండువైపుల ఒకేసారి నొక్కరాదు, మూర్ఛ కలుగవచ్చును. సుశ్రుతుడు మెడలోని 8 మాతృకాసిరలను సద్యఃప్రాణహర మర్మములలో చేర్చెను.

ఇంటిలో కొలత అక్కరలేదు. నిటారుగా కూర్చున్నను మెడసిర ఉబ్బియుండి, పాదములు వాచి, ఆయాసమున్నచో మజ్జిగ మాని 108కు ఫోను చేయవలెను.