అన్నము పొడిపొడిగా ఉండుటకు కారణమేమి?

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని పెద్దలు చెప్పుదురు. ఆ ఒక్క మెతుకులోనే ఇంకొక రహస్యము కూడ ఉన్నది. ఒక రకపు బియ్యము వండినచో మెతుకునకు మెతుకు అంటకుండ పొడిపొడిగా నుండును. వేరొకటి ముద్దయగును. బియ్యము కొత్తదా, పాతదా అనునది ఇందుకొక కారణమే. కాని ఒకే ఏడు పండిన రెండు రకములలో సైతము ఈ భేదము కనిపించును. దానికి మూలము గింజలోని పిండిపదార్థము. ఆ పిండిని నడిపించు జన్యువులు.

గ్లూకోజు అను చక్కెర అణువులు గొలుసులుగా కూడగా పిండి ఏర్పడును. ఈ గొలుసులు రెండు విధములు. దాదాపు కొమ్మలు లేక సాగిపోవునది అమైలోజు. చెట్టువలె కొమ్మలుగా చీలిపోవునది అమైలోపెక్టిను. అమైలోజు హెచ్చుగా నున్న అన్నము పొడిగాను, చల్లారిన పిమ్మట బిరుసుగాను ఉండును. అది తగ్గినకొలది అన్నము మెత్తనై అంటుకొనును.

అమైలోజును తయారుచేయు ఎంజైము 'వాక్సీ' అను జన్యువు ఆజ్ఞపై పుట్టును. జన్యువును నాలుగే అక్షరముల లిపిలో వ్రాసిన శాసనముగా భావింపవచ్చును. నకలు తీయునపుడు అందొక అక్షరము మారవచ్చును, జారిపోవచ్చును, అధికముగా చేరవచ్చును. దీనినే ఉత్పరివర్తనమందురు. వాక్సీ జన్యువులో ఒకే ఒక అక్షరము మారుటవలన జపాను బియ్యములో అమైలోజు తగ్గినది. వేరొకచోట 23 అక్షరముల ముక్క రెండుమారులు వ్రాయబడుటచే శాసనము చెడి, అమైలోజు ఇంచుమించు లేకయే పోయినది. ఆగ్నేయాసియా ప్రజలు ఇష్టముగా తిను జిగురు బియ్యము ఈ కోవకు చెందినది. మొక్కజొన్నలోను, జొన్నలోను ఇట్టి 'వాక్సీ' రకములు కలవు. చక్కెర పిండిగా మారు మార్గములో ఒక జన్యువు చెడినందుననే తీపి మొక్కజొన్న తియ్యగా నుండును.

ఈ విషయము మూసాపేట, కూకట్‌పల్లి ప్రాంతముల కుటుంబములకేల? దినమంతయు కుర్చీలో కూర్చుండి పనిచేయువా రిచ్చట హెచ్చుమంది. మధుమేహ భయముతో అన్నమును ఎంత తగ్గింపవలెనా యని యోచించు ఇండ్లును తక్కువ కావు. తిన్న పిండి రక్తములో ఎంత త్వరగా చక్కెరయగునో తెలుపు కొలత గ్లైసీమిక్ సూచిక. అది 55కు మించకున్న తక్కువగా ఎంచుదురు. రాజేంద్రనగరులో రూపొంది 2015లో విడుదలయిన తెలంగాణ సోనా, అనగా ఆర్‌.ఎన్‌.ఆర్‌. 15048, ఈ కొలతలో తక్కువ గలదిగా పేరొందినది. బాపట్ల నుండి 1986లో వచ్చిన సాంబ మసూరికి, ఎండాకు తెగులును తట్టుకొను జన్యువులను చేర్చి హైదరాబాదు శాస్త్రజ్ఞులు రూపొందించిన మెరుగుపరచిన సాంబ మసూరిలో సైతము సూచిక 51కి సమీపమున నున్నట్లు తేలినది.

అయినను రెండు మాటలు మరువరాదు. అమైలోజు హెచ్చినచో సాధారణముగా జీర్ణము నెమ్మదించునుగాని, సూచికను నిర్ణయించునది అదొక్కటియే కాదు. వండిన తీరు, తవుడు తీసిన మేర, పక్కనున్న పప్పు, కూరలు సైతము లెక్కకు వచ్చును. సూచిక తక్కువని రెట్టింపు అన్నము తిన్నచో ఫలితము సున్న. ఇక రెండవది రైతు పక్షము. పిండికి కొమ్మలు తొడుగు ఎంజైము లోపించిన వరిలో అమైలోజు మిక్కిలి పెరుగును. కాని గింజ తేలికయై దిగుబడి తగ్గుట సామాన్యము. తినువాని ఆరోగ్యము, పండించువాని తూకము రెండును నిలుపు వంగడమే శాస్త్రజ్ఞుల అన్వేషణ.

అంతవరకు బియ్యము కొనునపుడు రకము పేరడిగి తెలిసికొనుడు. మధుమేహమున్నవారు పరిమాణమును వైద్యుని సలహాపై నిర్ణయించుకొనుడు.