తెరమీది లేడి

తెల్లని తెర వెనుక ఆముదపు దీపము వెలుగుచుండగా మాయలేడి గంతులు వేయును. రాముడు విల్లు చేపట్టి దాని వెంట పోవును. తోలుబొమ్మలాటలో పిల్లలు ఊపిరి బిగబట్టి చూచు ఘట్టమిది. ఆ రంగుల నీడకు మూలము ఇంటి పెరటిలో సిద్ధమైన పచ్చితోలు.

తోలును నిలువచేయుటకు పూర్వులెరిగిన మార్గములలో రెండు ఇవి. చెప్పులకు కావలసిన తోలును తంగేడు చెక్క ఊరిన నీటిలో నానవేయుదురు. చెక్కలోని వగరు పదార్థము తోలు పోగులను పట్టుకొని, అవి కుళ్లకుండ కాపాడును. కాని ఇట్లు పదునైన తోలు వెలుగును అడ్డగించును.

బొమ్మకు వెలుగే ప్రాణము. కావున బొమ్మలవారు తంగేడు జోలికి పోరు. పచ్చితోలును వేడినీటిలో నానబెట్టి, వెంట్రుకలను గీకివేయుదురు. లోపలి మాంసపు పొరను, క్రొవ్వును తొలగింతురు. పిదప ముడుతలు లేకుండ బిగలాగి ఎండలో ఆరవేయుదురు. నీటి వేడి మించినచో తోలు ముడుచుకొనిపోవును. గీకునపుడు చేయి జారినచో చిల్లుపడును. అన్నియు కుదిరిన తోలు పలుచనై వెలుగును లోనికి రానిచ్చును. దానిపై రూపము గీసి, నగల చోట ఉలులతో రంధ్రములు పొడిచి, ఇరువైపుల రంగులు వేయుదురు. పదును చేయని తోలు గనుక చెమ్మయు, పురుగును దానికి శత్రువులు.

పూర్వము దేవతలకును, పురాణవీరులకును జింకతోలునే శ్రేష్ఠముగా ఎంచెడివారు. తక్కిన పాత్రలకు మేకతోలు చాలెడిది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. తరతరముల ఆచారము ఒకవైపు, తరిగిపోవుచున్న మృగముల ప్రాణము మరొకవైపు నిలిచినవి. రామునికి మేకతోలు తగునా అను శంకకు కళాకారులు చేతలతోనే సమాధానమిచ్చిరి. శ్రీ సత్యసాయి జిల్లాలో ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటలో నేడు దేవతలైనను, రాక్షసులైనను మేకతోలుతోనే రూపొందుచున్నారు. ఆ గ్రామపు కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించినది.

అయినను ఒక చింత మిగిలియున్నది. సినిమా వచ్చిన పిదప ఆటకు పిలుచు ఊళ్లు తగ్గినవి. అనేకులు అదే తోలుతో దీపములకు తొడుగులు చేసి జీవించుచున్నారు. తోలు గీకు నేర్పు దానివలన నిలిచినది. బొమ్మను ఆడించి పద్యము పాడు గొంతుకలు మాత్రము అరుదగుచున్నవి.

కృష్ణజింక నేడు ఆంధ్రప్రదేశ్‌కు, చుక్కలజింక తెలంగాణకు రాష్ట్రజంతువులు. అడవిలోని లేడికి చట్టము అండగా నున్నది. తెరమీది లేడికి చూపరులే అండ. ఏడాదికొక రాత్రి బడి ఆవరణలో తెర కట్టించినను, అది మరికొంతకాలము గంతులు వేయును.